పి0171: లీన్ అన్న కోడు, మసిబారిన ప్లగ్గులు

2025 వర్షాకాలం చివర్లో మా విజయవాడ ఆటోనగర్ షెడ్డుకు ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. 2017 మోడలు, బీఎస్ 4, 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిను, మీటరు మీద 71 వేల కిలోమీటర్లు. ఏలూరు నుంచి రోజూ విజయవాడ కాలేజీకి వచ్చి వెళ్లే లెక్చరరు గారిది. చెక్ ఇంజిన్ లైటు మూడు నెలలుగా వెలుగుతూ ఆరుతూ ఉందని, లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చిన బండి 13కు పడిపోయిందని, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒక్కోసారి ఇంజిను వణుకుతోందని ఆయన చెప్పారు. ఈ మూడు నెలల్లో వేరే గ్యారేజీలో పొగ గొట్టంలో ముందువైపున ఉండే ఆక్సిజన్ సెన్సరు, నాలుగు స్పార్క్ ప్లగ్గులు మార్చారు, ఇంజెక్టర్లు క్లీనింగ్ చేశారు. ప్రతి పని తర్వాతా, బండిలోని కంప్యూటర్ నమోదు చేసిన లోపం కోడు చెరిపి బండి పంపారు. ప్రతిసారీ నాలుగైదు రోజులు తిరగకుండానే లైటు మళ్లీ వచ్చింది.

ఆ గ్యారేజీవారి చేతిపనిలో నాకు తప్పు కనబడలేదు. సెన్సరు సరైనదే, ప్లగ్గుల గ్యాపు సరిగ్గానే ఉంది. వాళ్లు కోడు చెప్పిన మాటను నమ్మి పని చేశారు. ఈ కేసును ఇంత వివరంగా రాస్తున్నది ఆ నమ్మకం గురించే. చిన్న పెట్రోలు కార్లలో మనకు తరచూ ఎదురయ్యే కోడ్లలో కొన్ని తిన్నగా ఒక తీగనో, తీగలను కలిపే ఒక కప్లర్‌నో చూపిస్తాయి. మరికొన్ని, ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, తనకు అందిన రీడింగుల ఆధారంగా చేసుకున్న అనుమానాలు. పి0118 వచ్చిందంటే కూలెంట్ టెంపరేచర్ సెన్సరు సర్క్యూట్‌లో వోల్టేజీ ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉందని అర్థం; స్కానర్‌లో కూలెంట్ వేడి మైనస్ 40 డిగ్రీలు చూపిస్తుంటే కప్లర్ ఊడిందో, తీగ తెగిందో తేల్చుకోవచ్చు. ఎలుకలు కొరికిన వైరింగ్ మా దగ్గరికి వస్తూనే ఉంటుంది గనుక ఆ పని ఎక్కువసేపు పట్టదు. పి0135 అంటే ముందు ఆక్సిజన్ సెన్సరు హీటర్ సర్క్యూట్. ముందుగా ఫ్యూజు చూడాలి, ఆ తర్వాతే సెన్సరు. పి0335 అంటే ఇంజిన్ తిరుగుడును చదివే క్రాంక్ సెన్సరు సిగ్నల్. వీటిలో వెతకవలసిన చోటు చిన్నది.

పి0171, పి0300, పి0420 ఆ కోవలోవి కావు. ఈ బండిలో ఉన్నవి ఆ మూడే.

స్కానర్‌లో పి0171 స్థిరంగా నమోదై ఉంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయిన లీన్ మిక్చర్. పి0420, అంటే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందన్నది కూడా నమోదైంది. ఏ సిలిండర్ అని తేల్చని మిస్‌ఫైర్ (సిలిండర్‌లో మిక్చర్ సరిగ్గా మండకపోవడం) కోడు పి0300 పెండింగ్‌లో, అంటే ఇంకా ఖరారు కాకుండా, ఉంది. ఏ కోడైనా చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకోవడం మా షెడ్డులో మొదటి నియమం, ఎందుకంటే కోడు పడిన క్షణంలో ఇంజిను ఏ స్థితిలో ఉందో చెప్పగల సాక్ష్యం అదొక్కటే. కోడు చెరిపితే అది కూడా పోతుంది. పి0171 పడినప్పటి వివరాలు ఇవి: కూలెంట్ 84 డిగ్రీలు, 760 ఆర్‌పీఎం, బండి వేగం సున్నా, షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 9 శాతం, లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 21 శాతం.

ఫ్యూయల్ ట్రిమ్ గురించి కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లల కోసం ఒక మాట. ఇంజిన్‌లోకి ఎంత గాలి పోతోందో లెక్కగట్టి, దానికి సరిపడా పెట్రోలు ఎంతో ఈసీఎం తన పట్టికలో చూసుకుంటుంది. ఆ పెట్రోలు మండాక పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను ముందు సెన్సరు చూసి, ఎక్కువ మిగిలితే పెట్రోలు పెంచమని, ఏమీ మిగలకపోతే తగ్గించమని చెబుతుంది. ఆ క్షణానికి చేసే సర్దుబాటు షార్ట్ టర్మ్, అలవాటుగా స్థిరపడిన సర్దుబాటు లాంగ్ టర్మ్. రెండూ కలిపి 10 శాతం లోపు అటూ ఇటూ ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టే. ఇక్కడ రెండూ కలిసి 30 అయ్యాయి. అంటే తన లెక్క ప్రకారం 100 పాళ్లు పోయవలసిన చోట ఈసీఎం 130 పాళ్లు పోస్తోంది, అయినా చాలడం లేదనుకుంటోంది. ఆ మాటను అలా పక్కన ఉంచుకుని ముందుకు వెళ్దాం.

ఇంజిన్ వేడెక్కాక లైవ్ డేటా చూశాను. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, లాంగ్ టర్మ్ ప్లస్ 20 దగ్గర నిలిచింది. 2,500 ఆర్‌పీఎం దగ్గర రెండు నిమిషాలు పట్టి ఉంచితే ప్లస్ 7కు దిగింది. ఈ తీరు చూడగానే అనుభవమున్న ఏ మెకానిక్‌కైనా తట్టేది వాక్యూమ్ లీకు, అంటే గాలి లోపలికి వెళ్లే దారిలో కంత. సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గరో, ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి ఇన్‌టేక్‌కు పంపే పీసీవీ గొట్టం దగ్గరో, బ్రేక్ బూస్టర్ పైపు దగ్గరో కంత ఉంటే దాని ప్రభావం ఐడ్లింగ్‌లో ఎక్కువగా, స్పీడులో తక్కువగా కనబడుతుంది. పెట్రోలు పంపు బలహీనపడితే దీనికి తలకిందులుగా, లోడు పెరిగే కొద్దీ ట్రిమ్ పెరుగుతుంది. ఫ్యూయల్ ప్రెషర్ గేజి పెట్టి చూస్తే ఐడ్లింగ్‌లోనూ, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడూ ముల్లు కదలకుండా సరైన హద్దులోనే నిలిచింది. పంపును పక్కన పెట్టాను. ఇన్‌టేక్‌లోకి, పొగ నింపి లీకు చూపే స్మోక్ మిషను పెట్టి రెండు గంటలు వెతికాను. ఎక్కడా పొగ రాలేదు.

ఆ రెండు గంటలు వృథా అయ్యాయి, అవి వృథా అవుతాయని ముందే తెలియవలసింది. ఈ బండిలో గాలిని నేరుగా కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సరు లేదు. మ్యానిఫోల్డ్‌లోని ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సరు మాత్రమే ఉంది. ఆ ఒత్తిడి, ఆర్‌పీఎం, గాలి వేడి కలిపి ఈసీఎం గాలి పరిమాణాన్ని లెక్క వేస్తుంది. మాస్ ఎయిర్ ఫ్లో సెన్సరున్న బండిలో, సెన్సరు దాటాక కంతలోంచి దూరిన గాలి లెక్కకు అందదు, అందుకే మిక్చర్ లీన్ అవుతుంది. మ్యాప్ సెన్సరున్న బండిలో అలా కాదు. కంతలోంచి వచ్చిన గాలి కూడా మ్యానిఫోల్డ్ ఒత్తిడిని పెంచుతుంది గనుక ఆ గాలికి కూడా ఈసీఎం పెట్రోలు పోస్తుంది. ఫలితంగా ఐడ్లింగ్ పెరుగుతుంది, లేదా దాన్ని అదుపు చేయడానికి గాలి దారిని అదుపు చేసే థ్రాటిల్ మామూలు కంటే ఎక్కువ మూసుకుంటుంది. ట్రిమ్ మాత్రం అంతగా కదలదు. ఈ బండిలో ఐడ్లింగ్ 750 దగ్గర నిలకడగా ఉంది. మ్యాప్ రీడింగు 33 కిలోపాస్కల్స్, వేడెక్కిన ఇంజిన్‌కు ఉండవలసినదే. థ్రాటిల్ కూడా మామూలుగానే తెరుచుకుంది. ఈ మూడు అంకెలూ స్కానర్ తెర మీద నా కళ్లెదుటే ఉన్నాయి. ట్రిమ్ తీరు చూసి అలవాటుకొద్దీ స్మోక్ మిషను అందుకోవడానికి ముందు వాటిని చదివి ఉండవలసింది.

ప్లగ్గులు విప్పాను. కేసు మలుపు తిరిగింది ఇక్కడే. రెండు నెలల కిందట వేసిన నాలుగు ప్లగ్గులూ పొడి మసితో నల్లగా ఉన్నాయి. ఇన్సులేటర్ ముక్కు మీద వేలు రాస్తే కాటుకలాంటి మసి అంటింది, నూనె జిడ్డు లేదు. నూనె మండితే మసి తడిగా, జిగటగా ఉంటుంది. పొడి మసి వచ్చిందంటే పెట్రోలు ఎక్కువై మండుతోందని అర్థం, అదీ ఒక్క సిలిండర్‌లో కాదు, నాలుగింటిలోనూ. నిజంగా లీన్‌గా నడుస్తున్న ఇంజిన్‌లో ఇన్సులేటర్ తెల్లగా, పొడిగా ఉండాలి. సెన్సరు పెట్రోలు తక్కువంటోంది, ప్లగ్గులు ఎక్కువంటున్నాయి. ఇందాక పక్కన ఉంచుకున్న 130 పాళ్ల లెక్క ఇప్పుడు అర్థమైంది. ఈసీఎం పోస్తున్న అదనపు పెట్రోలు నిజంగానే సిలిండర్లలోకి వెళుతోంది, అక్కడ నిజంగానే ఎక్కువవుతోంది. మైలేజీ పడిపోవడానికి, ఐడ్లింగ్‌లో వణుకుకు, పెండింగ్‌లో ఉన్న పి0300కు ఇదొక్కటే కారణం కావచ్చు. సెన్సరుకు మాత్రం ఆక్సిజన్ ఎక్కువగా కనబడుతోంది.

అయితే ఆ ఆక్సిజన్ ఎక్కడిది? మూడు దారులున్నాయి. సెన్సరే అబద్ధం చెబుతూ ఉండాలి, లేదా మిస్‌ఫైర్ వల్ల మండని గాలి బయటికి వస్తూ ఉండాలి, లేదా సిలిండర్‌కూ సెన్సరుకూ మధ్య బయటి గాలి దూరుతూ ఉండాలి.

మొదటిది తేల్చడం సులువు. ఇంజిను ఐడ్లింగ్‌లో ఉండగా ఎయిర్ ఫిల్టర్ గొట్టంలోకి, మండే గుణమున్న స్ప్రే అయిన కార్బ్ క్లీనర్ ఒక్క క్షణం కొట్టాను. ఈ సెన్సరు వోల్టేజీ తక్కువగా ఉంటే ఆక్సిజన్ ఎక్కువని, ఎక్కువగా ఉంటే పెట్రోలు ఎక్కువని అర్థం. అప్పటిదాకా ఎక్కువసేపు 0.1, 0.2 వోల్టుల దగ్గర ఉంటూ అప్పుడప్పుడు పైకి లేస్తున్న సెన్సరు వెంటనే 0.85కు ఎగసి, మందు అయిపోగానే కిందికి దిగింది. సెన్సరు, దాని వైరింగ్, ఈసీఎం దాన్ని చదివే తీరు అన్నీ సరిగ్గా ఉన్నాయని ఈ ఒక్క పరీక్షతో తేలిపోతుంది. ఇది మూడు నెలల కిందట చేసి ఉంటే మాస్టారికి సెన్సరు ఖర్చు తప్పేది. రెండోదానికి, ఇంజిన్ వేడెక్కాక స్కానర్‌లో నాలుగు సిలిండర్ల మిస్‌ఫైర్ కౌంటర్లూ సున్నా దగ్గరే ఉన్నాయి, ట్రిమ్ మాత్రం ప్లస్ 20లోనే ఉంది. కనుక వణుకు ఈ లోపానికి ఫలితమే గాని మూలం కాదు. మిగిలింది మూడోది.

సాయంత్రం మాస్టారు బండి కోసం వచ్చినప్పుడు అప్పటిదాకా అడగని ప్రశ్న అడిగాను. “పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు ఏమైనా చప్పుడు వస్తుందా మాస్టారూ?”

ఆయన కాసేపు ఆలోచించారు. “అదా, కుట్టుమిషను తొక్కినట్టు టిక్కు టిక్కుమని వస్తుందండీ. మా వీధి మలుపు తిరిగేసరికి పోతుంది. దానికీ ఈ లైటుకూ సంబంధం ఉంటుందనుకోలేదు. మా ఆవిడ మాత్రం పొద్దున్న ఏసీ వేయకుండా ఫ్యాను పెడితే పొగ వాసన వస్తోందంటోంది.”

కోల్డ్ స్టార్టులో వచ్చి వేడెక్కగానే పోయే టిక్కు చప్పుడుకు, సిలిండర్ల పొగను సేకరించే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకు పేరుపొందిన కారణం. చల్లగా ఉన్నప్పుడు తెరుచుకున్న సందు, లోహం వేడికి సాగాక చాలావరకు మూసుకుంటుంది. చప్పుడు ఆగినంత మాత్రాన సందు పూర్తిగా పూడినట్టు కాదు. ఇక పొగ వాసన మాట వినగానే ఆ రాత్రికి బండి ఇంటికి పంపనన్నాను. మ్యానిఫోల్డ్ దగ్గర లీకైన పొగ బానెట్ కింద చేరి, బయటి గాలి తీసుకునే దారిలో క్యాబిన్‌లోకి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. వాసన వచ్చేది మిగతా పొగకు. పిల్లలతో తిరిగే బండిలో దీన్ని ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు. ఆయన బస్సులో వెళ్లారు.

మర్నాడు ఆరున్నరకు షెడ్డు తెరిచి, రాత్రంతా చల్లబడిన బండిని స్టార్టు చేశాం. టిక్కు చప్పుడు వెంటనే మొదలైంది. మా కుర్రవాడు అర మీటరు రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను మ్యానిఫోల్డ్ అంచు వెంట నడుపుతూ నాలుగో సిలిండర్ దగ్గర ఆగి, “ఇక్కడే అన్నా” అన్నాడు. ఇంజిన్ ఆపి హీట్ షీల్డ్ విప్పాం. నాలుగో పోర్టు కింది అంచున, వేలెడు పొడవున, సిలిండర్ హెడ్డు అల్యూమినియం మీదికి విసనకర్రలా విచ్చుకున్న నల్లటి మసి గీత ఉంది. మ్యానిఫోల్డ్‌ను హెడ్డుకు బిగించి ఉంచే స్టడ్లలో చివరిదాని మీద ఉండవలసిన నట్టు లేదు. ఇంకా దగ్గరగా చూస్తే స్టడ్డే హెడ్డు ముఖం దగ్గర విరిగి ఉంది. ఒకసారి రుజువు చేసుకుందామని సైలెన్సర్ గొట్టంలోకి స్మోక్ మిషను పెట్టి గుడ్డతో మూశాం. నిమిషంలోపే ఆ మసి గీత దగ్గరే దారప్పోగులా పొగ లేచింది.

మ్యానిఫోల్డ్ పొడవు వెంబడి వేడికి సాగి, చల్లారాక కుదించుకుంటూ ఉంటుంది. మధ్యలోని స్టడ్ల కంటే చివరి స్టడ్ల మీద ఆ కదలిక ఎక్కువ గనుక ముందుగా విరిగేవి సాధారణంగా కొసల్లోవే. ఒకటి విరిగాక ఆ కొస హెడ్డును వదిలి కొద్దిగా పైకి లేస్తుంది, గ్యాస్కెట్ అక్కడ కాలిపోతుంది.

పొగ బయటికి పోవలసిన సందులోంచి గాలి లోపలికి ఎలా వస్తుందని మా కుర్రవాడు అడిగాడు. మంచి ప్రశ్న. ఎగ్జాస్ట్‌లో పొగ ఏకధారగా పారదు, వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ ఒక ఉప్పెనలా వస్తుంది. ఉప్పెన వెళ్లిన వెంటనే దాని వెనుక ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తగ్గుతుంది. ఆ క్షణంలో సందు గాలిని లోపలికి పీలుస్తుంది. ఐడ్లింగ్‌లో ఒక ఉప్పెనకూ ఇంకో ఉప్పెనకూ మధ్య వ్యవధి ఎక్కువ, పొగ తక్కువ, కాబట్టి పీల్చిన గాలి వాటా పెద్దది. ఆర్‌పీఎం పెరిగితే పొగ పరిమాణం పెరిగి లోపలి ఒత్తిడి నిలకడగా ఎక్కువవుతుంది, గాలి వాటా తగ్గుతుంది. ట్రిమ్ ప్లస్ 20 నుంచి ప్లస్ 7కు దిగడం అందుకే. వాక్యూమ్ లీకును పోలిన ఈ తీరే నన్ను మొదట తప్పుదారి పట్టించింది.

పి0420 సంగతి కూడా ఇందులోనే ఉంది. కన్వర్టర్ బాగుంటే తనలో ఆక్సిజన్‌ను దాచుకుని, అవసరమైనప్పుడు వదులుతుంది. ముందు సెన్సరు ఎంత ఊగినా దాని వెనుక సెన్సరు ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. వెనుకది కూడా ముందుదానిలా ఊగితే పి0420 పడుతుంది. ఇక్కడ అదనపు పెట్రోలు, సందులోంచి దూరిన గాలి రెండూ కన్వర్టర్ దాకా వెళ్లి అక్కడే మండుతున్నాయి. మాస్టారి దగ్గర కొత్తగా తీసుకున్న పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది, రీడింగులు చక్కగా ఉన్నాయి. సైలెన్సర్ చివర శుభ్రంగా కనబడటానికి ఆ భారమంతా కన్వర్టర్ మోయడమే కారణం. ఇలాగే ఇంకో ఏడాది నడిపితే లోపలి తేనెపట్టు కరిగిపోయి ఉండేది. పి0171 సరిచేయకుండా పి0420కి కన్వర్టర్ మార్చడం ఈ కోడ్ల విషయంలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

విరిగిన స్టడ్డుకు ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలే నూనె పట్టించి ఉంటే పని ఇంకా తేలికయ్యేది. ఇప్పుడు మ్యానిఫోల్డ్ దించి, నూనె పట్టించి మధ్యాహ్నం దాకా నాననిచ్చాం. ఆ తర్వాత మిగిలిన మొండి ముక్క మీద ఒక నట్టు పెట్టి లోపల వెల్డింగ్ నింపాం. ఉక్కు స్టడ్డు ఎర్రబడి చల్లారుతుండగా అల్యూమినియం హెడ్డు మీద దాని పట్టు సడలింది. స్పానరుతో ముందు బిగించే వైపు ఒక వెంట్రుకవాసి, తర్వాత విప్పే వైపు, అలా ఇటూ అటూ ఆడిస్తూ పావుగంటకు బయటికి తీశాం. తొందరపడి ఒకే వైపు బలం పెడితే అది లోపలే తెగుతుంది, అప్పుడు డ్రిల్లింగు, కొత్త మర పని తప్పవు.

మ్యానిఫోల్డ్ ముఖం మీద స్టీలు స్కేలు పెట్టి ఫీలర్ గేజి దూరిస్తే నాలుగో పోర్టు వైపు 0.25 మిల్లీమీటర్ల పలక దూరింది. ఈ వంపును అలాగే వదిలి కొత్త గ్యాస్కెట్ వేస్తే మళ్లీ కాలుతుంది. లేత్ షాపులో ఫేసింగ్ చేయించి, అంటే ఆ ముఖాన్ని చదును చేయించి, హెడ్డు ముఖం కూడా సరిచూసి, కొత్త ఉక్కు పొరల గ్యాస్కెట్, కొత్త స్టడ్లు అన్నీ, కొత్త లాక్ నట్లు వేశాం. మధ్య నుంచి కొసలకు, మూడు విడతలుగా, టార్క్ రెంచీతో బిగించాం. పాత నట్లు వాడవద్దని నా సలహా. వాటి లాకింగ్ పట్టు ఒకసారికే. ఖర్చంతా కలిపినా, ముందు మార్చిన సెన్సరు ఖరీదులో సగం కాలేదు.

కోడ్లు చెరిపి, ట్రిమ్ జ్ఞాపకం రీసెట్ చేసి, గన్నవరం దాకా హైవే మీద, తిరిగి ఊళ్లో ట్రాఫిక్‌లో నడిపాం. లాంగ్ టర్మ్ ఐడ్లింగ్‌లో ప్లస్ 5, 2,500 దగ్గర ప్లస్ 4. రెండు చోట్లా దాదాపు ఒకటే కావడం ముఖ్యం. లీకు మిగిలి ఉంటే ఐడ్లింగ్ అంకె విడిగా పైన ఉండేది. ఇక ఆ నాలుగైదు శాతానికి లీకుతో సంబంధం లేదు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కాబట్టి 20 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు, అంతకంటే తక్కువ ఇథనాల్‌కు తగ్గట్టు లెక్కవేసిన 2017 నాటి ఈసీఎంకు కొంచెం లీన్‌గా కనబడుతుంది. 2025లో పాత బండ్ల ట్రిమ్ చదివేవాళ్లు ఈ వాటాను మనసులో ఉంచుకోవాలి, లేకపోతే లేని లోపం కోసం వెతుకుతారు.

కన్వర్టర్ గురించి ఆ రోజు మాస్టారికి ఏ హామీ ఇవ్వలేదు. కన్వర్టర్‌ను ఈసీఎం తనంతట తాను పరీక్షించుకునే క్యాటలిస్ట్ మానిటర్ పూర్తిగా నడవడానికి కొన్ని రోజుల ప్రయాణం కావాలి, అప్పటికీ పి0420 తిరిగి రాకపోతేనే అది బతికినట్టు అని చెప్పి పంపాను. మూడు వారాలకు వచ్చారు. మానిటర్లన్నీ పూర్తయ్యాయి, కోడ్లు ఏవీ లేవు, వెనుక సెన్సరు 0.65 వోల్టుల దగ్గర దాదాపు నిశ్చలంగా ఉంది. మైలేజీ 16 దాటిందన్నారు. మళ్లీ ఒక ప్లగ్గు విప్పి చూస్తే ఇన్సులేటర్ ముక్కు లేత బిస్కెట్ రంగుకు తిరిగింది. పొగ వాసన మాట అడిగితే ఇంట్లో ఆ ఫిర్యాదు పోయిందన్నారు.

వెళ్లే ముందు ఆయన డిక్కీ తెరిచి అట్టపెట్టె ఒకటి ఇచ్చారు. మూడు నెలల కిందట విప్పేసిన పాత ఆక్సిజన్ సెన్సరు. ఆయన అడిగారని దాన్ని బండికి బిగించి పావుగంట నడిపాను. కార్బ్ క్లీనర్ కొట్టగానే 0.8 వోల్టులు దాటింది, మందు ఆపగానే దిగింది. ఇంకా కొంతకాలం పనికొస్తుందని చెప్పి, పెట్టె మీద తేదీ రాసి ఆయన చేతికే తిరిగి ఇచ్చాను.